చప్పిడి సంగటి

కిందటి వారం ప్రశాంతిని చెన్నైలో, పాత రికార్డుల ఆఫీసులో, ఒక ఉత్తరం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆమె అక్కడే కూర్చుని ఉందనుకోకండి. ఆ ఉత్తరం చదివిన మనిషి కూర్చోలేదు. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకుని, మర్నాడు తెల్లవారుజామునే చిత్తూరు బస్సెక్కింది. చిత్తూరులో దిగి పూతలపట్టు బస్సు, పూతలపట్టులో దిగి ఆటో. ఒంటిగంట దాటేసరికి సొంత ఊరు కోనపాళెం పొలిమేరలో దిగింది. పొద్దున్నుంచి ఒక టీ తప్ప ఏమీ తాగలేదు. ఆకలి కూడా కోపంలో కలిసిపోయింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ప్రశాంతి తిరుపతిలో డిగ్రీ కాలేజీ లెక్చరరు. చరిత్రలో డాక్టరేట్ చేసింది. కోనపాళెం పాళెగాడు చెంగల్రాయుడి మీద పుస్తకం రాసింది. రెండు వందల ఏళ్ళ కిందట ఈ సీమ కంపెనీ చేతికి చిక్కినప్పుడు, ఊళ్ళకు కాపలా కాసే హక్కు ఇక పాళెగాళ్ళది కాదు, మాది అన్నారు తెల్లవాళ్ళు. చెంగల్రాయుడు ఒప్పుకోలేదు. అరవై మందితో గుట్టెక్కాడు. పటాలం దారిన పోతుంటే సిపాయిలను పోనిచ్చి, వెనకాల వచ్చే మందుగుండు బండ్లను ఎత్తుకుపోయేవాడు. ఒకే బండ కింద రెండు రాత్రులు పడుకునేవాడు కాదు. ఆయన మీద కోపంతో కంపెనీవాళ్ళు ఊరిని రెండుసార్లు తగలబెట్టారు. అయినా మూడేళ్ళు దొరకలేదు. మూడో ఏడు ఆడి నెలలో, ఎలుగు గవి అనే గుహలో ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకుని, గుట్ట కిందే ఉరి తీశారు. అక్కడే ఆయన వీరగల్లు ఉంది. గుర్రం మీద కత్తి ఎత్తిన మనిషి, అరిగిపోయినా కళ్ళు మాత్రం అరగని మనిషి. ఊరివాళ్ళు పెద్దదొర రాయి అంటారు.

దొరను పట్టించింది ఎవరంటే, ఆయన గుర్రాలకు లాడాలు కొట్టే దస్తగిరి సాయబు అని ఊరి మాట. దొర ఉప్పు తిని దొరనే పట్టించాడు గనక, ఏటా ఆడి నెల మూడో శుక్రవారం ఊరంతా ఉప్పు లేని రాగి సంగటి తింటుంది. ఆ రోజు దస్తగిరి వంశంలో పెద్దవాడు చెప్పుల్లేకుండా ఒక కుండెడు ఉప్పు నెత్తిన పెట్టుకుని పొలిమేర నుంచి రాయి దాకా మోసుకొచ్చి దించాలి. రాయికి సంగటి పెట్టే నాయుళ్ళ ఇంటి పెద్ద ఆ కుండను చేత్తో ముట్టుకోడు. కాలితో పక్కనే పారే వంకలోకి తోసేస్తాడు. ఇప్పుడు ఉప్పు మోసేది ఎనభై ఏళ్ళ మస్తాన్ వలి. కాలితో తోసేది ప్రశాంతి తండ్రి మునిరామయ్య.

తండ్రి చెప్పిందే ప్రశాంతి పుస్తకంలో రాసింది. ఆ పుస్తకంలోదే ఇప్పుడు నల్లరాతి పలక మీద చెక్కుతున్నారు. ఆదివారం పూతలపట్టు కూడలిలో దొర విగ్రహం లేస్తుంది. దాని కింద, ఎండకూ వానకూ చెరగకుండా, ద్రోహి దస్తగిరి సాయబు అని ఉంటుంది.

చెన్నైలో దొరికిన ఉత్తరం దొరను పట్టుకున్న కెప్టెన్ తన పైవాడికి రాసుకున్నది. అందులో దస్తగిరి పేరు లేదు. ఇంకో పేరు ఉంది.

ఇవాళే మూడో శుక్రవారం. సంగటి పెట్టడం అయ్యేదాకా రాయి దగ్గరికి ఆ రెండు ఇళ్ళవాళ్ళు తప్ప ఊరివాళ్ళెవరూ రాకూడదు. మునిరామయ్య ఒక్కడే మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టి, తెడ్డుతో సంగటి గెలుకుతున్నాడు. చొక్కా లేదు. వీపు మీద చెమట కారుతోంది. కూతుర్ని చూసి ముఖం విప్పారింది.

"వచ్చినావా పాపా! ఆదివారానికి వస్తావనుకుంటి. యాడ తిన్నావు? ముఖం అట్లుండాదే?"

"వరదయ్య ఎవురు నాయనా?"

తెడ్డు ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ తిరిగింది.

"ఏ వరదయ్య? వరదయ్యలు ఊరికి పదిమంది."

"దొరకు తమ్ముడు వరదయ్య."

"ఆయనా? మన మూలపురుషుడు గదా. దొర పోయినాక ఊరిని నిలబెట్టినాయన. నీ పుస్తకంలో నువ్వే రాసినావు."

"అవును, రాసినా. నువ్వు చెప్తే రాసినా." ప్రశాంతి ఫోన్ తీసింది. ఇంగ్లీషు ఉత్తరాన్ని వేలితో జరుపుకుంటూ తెలుగులో చెప్పింది. "ఈడ ఏముందో ఇను. దొరగారికి దినమూ సాయంత్రం గవికి సంగటి తీసుకుపోయేది ఆయన తమ్ముడు వరదయ్య. ఆ తమ్ముడే మా దగ్గరికి వచ్చినాడు. నేను పోతా, మీరు నా ఎనకాల రండి అన్నాడు. ఆ మేలుకు గుట్ట కింద భూమి ఆయనకు ఇనాంగా ఇస్తున్నాము. ఆ గుట్ట కింద భూమి ఏదో నాకు తెలుసు నాయనా. మన మామిడితోట. నన్ను చదివించిన తోట."

మునిరామయ్య సంగటి కుండ దించాడు. కింద చల్లిన నీళ్ళ మీద కుండ చుయ్యిమంది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడంటే, ఆ ముఖం మీద చెమట ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది.

"తెల్లోడి రాత. వాడు దొరకు పగోడు. పగోడు రాసింది వేదమా? అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టేదానికి రాసుంటాడు."

తిరుపతిలో విద్యార్థులకు ప్రశాంతి సరిగ్గా ఇదే పాఠం చెబుతుంది. పగవాడి రాత ఒక్కదాన్నే నమ్మకండి, పక్కన ఇంకో సాక్ష్యం వెతకండి అని. బస్సులో నాలుగు గంటలు ఆమె ఆ రెండో సాక్ష్యం కోసమే వెతుక్కుంది. చిన్నప్పటి నుంచి కళ్ళముందే ఉన్నదాన్ని చిత్తూరు దాటాక గాని చూడలేకపోయింది.

"సరే నాయనా. తెల్లోడు అబద్ధమనుకో. ఆ ఉత్తరం చింపేస్తా. ఒక్క పని చెయ్యి."

"ఏంది?"

"ఈ సారి దొర ముఖం చూసి సంగటి పెట్టు."

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మునిరామయ్య ఏటా ఈ రాయికి సంగటి పెట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటాడు. చేతులు ముందుకు చాపి, తల ఎడమవైపుకు తిప్పి, ఆకు దించి, వెనక్కి నడుస్తాడు. ఆయన తండ్రీ అట్లాగే పెట్టాడట. దొర చూపు నిప్పు, నేరుగా చూడకూడదు అని ఊళ్ళో చెబుతారు. ప్రశాంతి తన పుస్తకంలో దీని గురించి ఒక పేజీ రాసింది. ఎంతటి భక్తి, ఎంతటి వినయం అని మురిసిపోయి రాసింది. ఆ పేజీ గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు ఒళ్ళు కంపరమెత్తుతోంది.

"ఆచారం పాపా. మార్చకూడదు."

"ఊళ్ళో ఆడోళ్ళు సాయంత్రం వచ్చి దొర కళ్ళకు పసుపు పెడతారు. పిలకాయలు గుర్రం ఎక్కుతారు. వాళ్ళెవురికీ తగలని నిప్పు మన ఇంటోళ్ళకే తగులుతాదా? పెట్టు నాయనా. ఒక్కసారి. నువ్వు పెడితే నేనింక నోరెత్తను."

మునిరామయ్య కూతుర్ని చూశాడు. పంతం ఆయనకూ ఉంది. చేతులు తడుపుకుని, వేడి సంగటిని ముద్ద చేసి, మోదుగాకులో పెట్టాడు. రాయికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆకు ముందుకు చాపాడు. తల వంచుకునే ఉన్నాడు.

"తలెత్తు నాయనా."

మెడ కొంచెం లేచింది. రాతి గుర్రం కాళ్ళ దాకా చూపు వచ్చింది. దొర పాదం దాకా వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నాగలి పట్టి దున్నిన మనిషి, ఆ రెండు అడుగులు చూపు ఎత్తలేకపోయాడు. ఆకును మట్టిలో పెట్టేసి అక్కడే కూలబడ్డాడు.

"నా చేత కాదు పాపా."

ప్రశాంతి గెలిచింది. గెలిచినవాళ్ళు ఏడవరంటారు గాని, ఆమెకు ఏడుపొచ్చింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మా నాయన ఈ తెడ్డు నా చేతికిచ్చిన పొద్దు. నాకప్పుడు ఇరవై రెండు. చెవిలో చెప్పినాడు. పట్టిచ్చింది మనమే, ముఖం చూడద్దు అని. వరదయ్య సంగటి ముద్ద అన్న చేతిలో పెడతా ఉన్నాడంట. దొర ముద్ద అందుకున్నాడంట. అప్పుడు తమ్ముడి ఎనకాల సిపాయిలు కనపడినారంట. దొర వాళ్ళను చూడలేదు. తమ్ముడి ముఖాన్నే చూసినాడంట. ఆ చూపు మన ఇంటోళ్ళు ఇంక చూడగూడదు." ఆయన పక్కనున్న తెడ్డును దగ్గరికి లాక్కున్నాడు. "ఊరు రెండుసార్లు కాలింది పాపా. మూడోసారి కాలకూడదని చేసినాడని మా నాయన అనేవాడు."

"తోట కూడా ఊరి కోసమే తీసుకున్నాడా?"

మునిరామయ్య కళ్ళు గుట్ట కింది తోట వైపు పోయి, మళ్ళీ నేలకు దిగాయి.

"వరదయ్య ఎప్పుడో చచ్చిపోయినాడు. ఆయన మీద నాకేం కోపం లేదు. నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"తెడ్డు పట్టేది మొగబిడ్డలు. నువ్వు ఆడబిడ్డవి. నీకు చెప్పాల్సిన పని రాలేదు."

"పుస్తకం రాసేటప్పుడు? రెండేండ్లు నీ ముందర కూర్చుని, నువ్వు చెప్పిందల్లా రికార్డు చేసుకుంటినే, అప్పుడు?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, మునిరామయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అదే కూతుర్ని ఎక్కువ కోసింది.

"నేను పోయినాక తెడ్డు పట్టేవాడు లేడు. ఎవుడో ఒకడు తవ్వుతాడు, బయట పెడతాడు అని భయం. నీ పేరు ముందర డాక్టరని ఉండాది. నువ్వు రాస్తే ఇంక ఎవురూ అడగరు అనుకుంటి."

పుస్తకం వచ్చిన రోజు ఈయనే తిరుచానూరు నుంచి పూలదండ తెప్పించి ఆమె మెడలో వేశాడు. నా కూతురు రాసిందని ఊరంతా తిరిగి చెప్పాడు. మస్తాన్ వలి మనవరాలు ఇఫ్ఫత్ ప్రశాంతి కాలేజీలోనే చదువుతోంది. పుస్తకం వచ్చిన వారానికి ఆ పిల్ల మొదటి బెంచీ నుంచి చివరి బెంచీకి మారిపోయింది. ప్రశాంతి గమనించింది. చరిత్ర చేదుగానే ఉంటుంది, నేనేం చేయను అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు తండ్రి మీద ఎంత అసహ్యం వేసిందో తన మీద తనకు అంత వేసింది.

"నా చదువును ముద్రగా వాడుకున్నావు నాయనా. నేను నీ కూతురినని నమ్మితి. నీకు నేను సంతకం."

ఫోన్ మోగింది. పలక చెక్కుతున్న ధనంజయ.

"మేడమ్, నాలుగు వరుసలు అయిపోయినాయి. ఐదో వరుసలో ఆ సాయబు పేరు. మొదలు పెట్టేదా? సాయంత్రం లారీ వస్తాది, దానికి ముందర పాలిష్ పట్టాల."

"ఆ వరుస ముట్టుకోవద్దు ధనంజయా. నేను చెప్పేదాకా ఉలి పెట్టద్దు."

"అయితే తొందరగా చెప్పండి మేడమ్. అర్ధగంట చూస్తా."

మునిరామయ్య లేచి కూతురి చేయి పట్టుకున్నాడు. "వద్దు పాపా. ఆదివారం ఊరంతా వస్తాది. ఈ ఊర్లో నేను తలెత్తుకుని తిరగాల."

"రెండు వందల ఏండ్లుగా వాళ్ళు తలెత్తకుండా తిరిగినారు గదా!"

అప్పుడు వచ్చాడు మస్తాన్ వలి. జుమ్మా నమాజు చేసుకుని, తెల్ల టోపీ మీద తువ్వాలు చుట్ట పెట్టి, దాని మీద ఉప్పు కుండ పెట్టుకుని, ఎండకు కాలుతున్న మట్టిలో ఉత్త కాళ్ళతో నడిచి వచ్చాడు. పది అడుగుల దూరంలో కుండ దించి, ఆనవాయితీ ప్రకారం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాలితో తోయాల్సిన మునిరామయ్య కదలలేదు.

"ఏం నాయుడూ, ఒంట్లో బాగలేదా?"

ప్రశాంతి ఎదురు వెళ్ళింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మొత్తం ఒక్కసారే చెప్పేసింది. ఉత్తరం, వరదయ్య, మామిడితోట, తండ్రికి ముందే తెలియడం, అన్నీ. చివర చేతులు జోడించింది.

"మీ దస్తగిరి తాత ఏ తప్పూ చేయలేదు తాతా. తప్పు రాసింది నేను. పలక మీద ఆ పేరు తీయిస్తా. ఆదివారం అందరి ముందర చెప్తా."

ముసలాయన కోప్పడతాడనుకుంది. ఏడుస్తాడనుకుంది. ఆయన తలమీది తువ్వాలు చుట్ట విప్పి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"తెలుసు బేటీ."

"ఏం తెలుసు?"

"ఆయన చేయలేదని. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఉండనీ, ఆ పేరు అట్లే ఉండనీ."

ప్రశాంతికి పిచ్చెత్తినట్టయింది. తండ్రికి తెలుసు. ఈయనకూ తెలుసు. రెండేళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని రాసిన తనకొక్కదానికే తెలియదు. "తెలిసి ఈ కుండ మోసినారా? తెలిసి మా నాయన కాలితో తంతుంటే చూస్తా నిలబడినారా? ఇఫ్ఫత్ క్లాసులో ఎనక్కిపోయి కూర్చుంటే, ఆ బిడ్డకైనా చెప్పినారా?"

మనవరాలి పేరు వినగానే మస్తాన్ వలి ముఖం మారింది.

"చెప్పలేదు. నీ పుస్తకం చదివి రెండు దినాలు అన్నం ముట్టలేదు ఆ పిల్ల. అయినా చెప్పలేదు. మాట ఇచ్చినాం బేటీ."

"ఎవురికి?"

ముసలాయన రాయి వైపు చేయి చూపించాడు. "ఆయనకు."

మునిరామయ్య తలెత్తాడు.

"దొర గవిలోకి పోయేటప్పుడు కొడుకు మూడు నెలల పసికందు. తల్లి పురిట్లోనే పోయింది. తన తర్వాత ఆ బిడ్డను బతకనీయరని దొరకు తెలుసు. తెల్లోళ్ళు ఎదుకుతారు, వాళ్ళకు చూపిచ్చేవాళ్ళు ఊర్లోనే ఉంటారు. దస్తగిరిని పిలిచి ఆ బిడ్డను చేతిలో పెట్టి, ఎవురికీ చెప్పద్దని మాట తీసుకున్నాడు. మళ్ళా నాలుగు దినాలకే ఆయన్ను పట్టుకున్నారు. ఎవురు పట్టిచ్చినారని ఊరు అడిగింది. వరదయ్య మా తాత పేరు చెప్పినాడు. మా తాత కాదనలేదు."

"ఎందుకు కాదనలేదు?" అంది ప్రశాంతి.

"ద్రోహి ఇంట్లో దొర కొడుకును ఎవురు ఎదుకుతారు బేటీ?"

మునిరామయ్య రెండు అడుగులు ముందుకు వేశాడు. ఈ సంగతి ఆయన చెవిలో ఎవరూ చెప్పలేదు. ఆయన దగ్గరా ఒక నిజం దాచి ఉంచారు.

"ఆ బిడ్డ... బతికినాడా వలీ?"

"బతికినాడు. లాడాలు కొట్టడం నేర్చుకున్నాడు. నమాజు నేర్చుకున్నాడు. మా ఇంట్లో అప్పటినుంచి పెద్ద కొడుక్కు రెండు పేర్లు నాయుడూ. మసీదులో ఒకటి. ఇంట్లో ఒకటి. మా అమ్మ బతికినన్నాళ్ళు నన్ను మస్తాన్ అని పిలిచింది లేదు." ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. "చెంగూ అని పిలిచేది."

ప్రశాంతి ఆయన ముఖంలోంచి రాయి మీది చెంగల్రాయుడి ముఖంలోకి చూసింది.

"ఊరోళ్ళకు ఈ కుండ శిక్ష. మాకు కాదు. మా అబ్బా చెప్పేవాడు, ఏడాదికి ఒక్క పొద్దే మనల్ని ఆయన దగ్గరికి రానిస్తారు, కాళ్ళు కాలినా పోయి చూసి రావాల అని. ఆయన్ను చూసేదానికి వస్తా ఉండా, నీ కాలి తన్నుకు కాదు."

మస్తాన్ వలి వంగి కుండలోంచి చిటికెడు ఉప్పు తీసుకున్నాడు. మట్టిలో పడి ఉన్న మోదుగాకు దగ్గరికి నడిచాడు. ఆయన్ను ఎవరూ ఆపలేదు. సంగటి ముద్దను విప్పి, ఉప్పు కలిపి, మళ్ళీ ముద్ద చేశాడు. రాయి ముందు నిలబడి, తల నిటారుగా ఎత్తి, దొర కళ్ళలోకి చూస్తూ ఆకు ఆయన పాదాల దగ్గర పెట్టాడు.

"రెండు వందల ఏండ్లు చప్పిడిది తిన్నావు దాదా. ఈ పొద్దు ఉప్పుంది. తిను."

ప్రశాంతి చేతిలో ఫోన్ మోగింది. ధనంజయ. ఆమె స్పీకర్ నొక్కింది.

"మేడమ్, లారీ ముందే వచ్చేసింది. విగ్రహం కమిటీవాళ్ళు ఈడే నిలబడి ఉండారు. ఐదో వరుసలో ఏం పేరు చెక్కాల?"

ప్రశాంతి జవాబు చెప్పేలోపు ఒక చేయి ముందుకొచ్చింది. సంగటి అంటుకున్న చేయి.

"ఫోను ఇట్లియ్యి పాపా," అన్నాడు మునిరామయ్య. "ఆ పేరు నేను చెప్తా."

ఆయన ముఖం మాత్రం ఇంకా దొర వైపు నుంచి పక్కకే తిరిగి ఉంది.